ఒకే సర్వర్... నాలుగు పోర్షన్లు!

కంపెనీల సర్వర్ గదుల్లో ఒక్క పెట్టెలోనే రెండు, నాలుగు, పది ఆపరేటింగ్ సిస్టమ్‌లు కాపురం చేస్తుంటాయి. ఎవరి తలుపు వాళ్లదే, ఎవరి వంట వాళ్లదే. ఇదెలా కుదురుతుంది? దీనికీ మన సికింద్రాబాద్ రైలు టికెట్‌కూ ఉన్న చుట్టరికమేంటి?

‘నీ ఫోన్‌లో ఎన్ని ఓఎస్‌లు ఉన్నాయి?’ అని ఫ్రెండ్‌ని అడిగి చూడండి. ‘ఒకటే కదా, ఆండ్రాయిడ్’ అంటారు. కానీ లెక్క అంత చిన్నది కాదు. మీరు వేలిముద్ర పెట్టినప్పుడు అది మీదేనా కాదా అని తేల్చేది ఆండ్రాయిడ్ కాదు. ప్రాసెసర్‌లోనే ఒక మూల గట్టిగా తాళం వేసిన గది ఉంటుంది. అందులో ఇంకో బుల్లి ఓఎస్ నడుస్తూ ఉంటుంది. ఆ పని దానిది. టవర్‌తో మాట్లాడే మోడెమ్‌లో మరొకటి ఉంటుంది. ఆఖరికి గోరంత సిమ్‌కార్డులోనూ దానికంటూ ఓ చిన్న వ్యవస్థ ఉంది. అంటే ఇది చదువుతున్న ఈ నిమిషంలో మీ చేతిలో కనీసం మూడు నాలుగు వ్యవస్థలు ఒకదానికొకటి అడ్డం రాకుండా పనిచేస్తున్నాయన్నమాట.

ఫోన్‌లోనే ఇన్నుంటే, బ్యాంకులూ ఆసుపత్రులూ రైల్వేలూ వాడే సర్వర్ల సంగతి చెప్పక్కర్లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నా పనంతా ఆ సర్వర్ల మీదే. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చే ఫ్రెషర్లు మొదటి వారంలో అడిగే ప్రశ్న దాదాపు ఒకటే... ‘ఇక్కడ లైనక్స్ కనిపిస్తోంది, పక్కనే విండోస్ కనిపిస్తోంది, మిషనేమో ఒక్కటే అంటున్నారు. అదెలా?’ అని. వాళ్లకి నేను చెప్పే జవాబు మారేడ్‌పల్లి, పద్మారావునగర్ వీధుల్లోంచి వస్తుంది.

ఇల్లు ఒకటే, కాపురాలు వేరు

సికింద్రాబాద్ పాత కాలనీల్లో పెద్ద ఇల్లు ఒకటి ఊహించుకోండి. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. సంపు ఒకటే, బోరు ఒకటే, కరెంటు లైను ఒకటే. కానీ ప్రతి పోర్షన్‌కీ సబ్ మీటరు ఉంటుంది. ఒక ఇంట్లో ఆవకాయ కలుపుతుంటే పక్క పోర్షన్‌లో కేక్ చేసుకుంటారు. ఒకరి గొడవ ఇంకొకరికి అక్కర్లేదు. ఎవరికి ఎన్ని నీళ్లు, ఎంత కరెంటు అనేది చూసుకునేవాడు ఇంటి ఓనరు.

సర్వర్‌లో ఆ ఓనరు పేరు హైపర్‌వైజర్. ఇదొక సాఫ్ట్‌వేర్ పొర. నిజమైన ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ కార్డు దాని అధీనంలో ఉంటాయి. పైన ఉండే ఒక్కో ఓఎస్‌కి ‘ఈ మిషనంతా నీదే’ అని నమ్మకం కలిగిస్తుంది. ఆ ఓఎస్ పాపం తాను ఒంటరిగానే ఉన్నాననుకుంటుంది. అది ‘ఈ మెమరీలో రాయి’ అంటే, హైపర్‌వైజర్ దాని వాటాకి కేటాయించిన చోట రాయిస్తుంది. ఇలా వాటాలు వేసిన ఒక్కో పోర్షన్‌నే వర్చువల్ మెషీన్ అంటాం.

ఇక్కడ మూడు మాటలు చాలామంది కలిపేసుకుంటారు. విడదీద్దాం.

ఒకటి వర్చువల్ మెషీన్. ఇది పోర్షన్. వంటగది సహా అన్నీ వేరు. కాబట్టి ఒక దాంట్లో విండోస్, ఇంకోదాంట్లో లైనక్స్ పెట్టొచ్చు.

రెండోది కంటైనర్. డాకర్ పేరు వినే ఉంటారు. ఇది పోర్షన్ కాదు, పీజీ హాస్టల్. గది మీది, వంటగది అందరిదీ. ఆ వంటగదే ఓఎస్ గుండెకాయలాంటి కెర్నెల్. కెర్నెల్ ఒకటే కాబట్టి లైనక్స్ హాస్టల్లో విండోస్‌ని చేర్చుకోలేం. చౌక, వేగం... కానీ ఓఎస్ మారదు.

మూడోది ఎమ్యులేటర్. ఇది దుబాసీ లాంటిది. వేరే రకం ప్రాసెసర్ కోసం రాసిన ఆదేశాల్ని ఈ ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా అనువదిస్తుంది. పాత వీడియోగేమ్‌ని ఫోన్‌లో ఆడుకునేది దీనివల్లే. పని జరుగుతుంది కానీ, అనువాదం ఖర్చు పడుతుంది. వర్చువల్ మెషీన్‌కి ఈ తంటా లేదు. ఎందుకంటే అది ప్రాసెసర్ భాష మార్చదు, ప్రాసెసర్‌ని పంచుతుందంతే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో రైలు కథలో ఇదే కీలకం.

తాతల కాలం ఐడియా

ఇదంతా క్లౌడ్ వచ్చాక పుట్టిందనుకుంటే పొరపాటే. 1960ల్లోనే ఐబీఎం ఇంజినీర్లు ఒక మెయిన్‌ఫ్రేమ్‌ని చాలామందికి విడివిడి కంప్యూటర్‌లా చూపించే ప్రయోగాలు చేశారు. 1972లో వీఎం/370 పేరుతో దాన్ని అమ్మకానికి తెచ్చారు. అప్పుడు కంప్యూటర్ అంటే ఒక గదంత యంత్రం, ఆస్తంత ధర. ఒక్కరికే ఇస్తే గిట్టుబాటు కాదు. అందుకని పోర్షన్లు వేశారు.

తర్వాత ఐబీఎం తన బిజినెస్ సర్వర్లలోనూ ఇదే పద్ధతి తెచ్చింది. ఇప్పటి పవర్ సర్వర్ తీసుకుంటే ఒకే పెట్టెలో ఐబీఎం ఐ, ఏఐఎక్స్, లైనక్స్ అనే మూడు ఓఎస్‌ల్నీ పక్కపక్కన నడపొచ్చు. వాళ్ల భాషలో ఆ వాటాల పేరు లాజికల్ పార్టిషన్లు.

మనం వాడే మామూలు ఇంటెల్ పీసీలకి ఈ భాగ్యం ఆలస్యంగా దక్కింది. ఆ ప్రాసెసర్ల కట్టుబడిలోనే పోర్షన్లు వేయడానికి కుదరని చిక్కులున్నాయి. 1998లో మొదలైన వీఎంవేర్ ఆ చిక్కుల్ని సాఫ్ట్‌వేర్ చమత్కారాలతో దాటింది. 2001లో సర్వర్ల కోసం ఈఎస్ఎక్స్ తెచ్చింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే ఈ సౌకర్యం పెట్టేశాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లైనక్స్ కెర్నెల్‌లో భాగమైపోయింది. లక్షలు పోసి కొనే వసతి ఉచితంగానూ దొరికింది. ఈరోజు మీరు క్లౌడ్‌లో గంటకిన్ని రూపాయలు కట్టి తీసుకునే సర్వర్లు చాలావరకు ఇలాంటి పోర్షన్లే.

అయితే డబ్బు మిగలడం ఒక్కటే దీనివల్ల లాభమైతే ఇంత చెప్పక్కర్లేదు. అసలు విషయం వేరే ఉంది. యంత్రం ఆయుష్షు పదేళ్లు. దాని మీద నడిచే ప్రోగ్రామ్ ఆయుష్షు ముప్ఫై, నలభై ఏళ్లు. ఇల్లు కూలిపోతున్నా అందులో అద్దెకున్నాయన ఇంకా గట్టిగానే ఉన్నాడు. మరి ఆయన్ని ఎక్కడ పెట్టాలి? దీనికి మన ఊళ్లోనే ఓ ఉదాహరణ ఉంది.

సికింద్రాబాద్ టు సికింద్రాబాద్

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు రిజర్వేషన్ అంటే లావుపాటి రిజిస్టర్లే. ఫలానా రైలుకి ఫలానా కౌంటర్. ఆ తేదీ పేజీ తీసి, పేరు రాసి, సీటు కొట్టేయాలి. తిరుగు ప్రయాణం టికెట్ కావాలంటే మరో లైను, లేదంటే అవతలి ఊరికి సమాచారం పంపి ఎదురుచూపులు. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, గంట చెబుతారు.

దీన్ని మార్చిన సంస్థ సీఎంసీ. 1978లో ఐబీఎం మనదేశం నుంచి వెళ్లిపోయినప్పుడు ఆ యంత్రాల నిర్వహణ భుజానికెత్తుకున్న ప్రభుత్వ కంపెనీ అది. దాని పరిశోధన, అభివృద్ధి కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉండేది. (2001లో సీఎంసీ టాటాల చేతికి వెళ్లింది. 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది.) సీఎంసీ రాసిన ‘ఇంప్రెస్’ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. అది నడిచిన యంత్రాలు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ కంప్యూటర్లు. వాటి ఓఎస్ పేరు వీఎంఎస్.

ఢిల్లీ తర్వాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లకూ కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది. కానీ అయిదూ అయిదు దీవులు. ఒక్కో కేంద్రానికి దాని పరిధిలోని రైళ్ల లెక్కే తెలుసు. ఈ దీవుల మధ్య వంతెన వేసే పని రైల్వే సొంత ఐటీ సంస్థ క్రిస్ తీసుకుంది. వాళ్లు తయారుచేసిన కొత్త సాఫ్ట్‌వేర్ పేరు ‘కాన్సర్ట్’. 1990ల నడిమి కాలంలో అది దేశంలో మొట్టమొదట అమలైంది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. ఏ ఊళ్లో ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా, దేశంలో ఏ రైలుకైనా టికెట్ తీసుకునే వీలు అలా వచ్చింది. 2002లో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్ వచ్చినా అది వాకిలి మాత్రమే. ఇవాళ పొద్దున పదింటికి తత్కాల్ కోసం మీరు యాప్‌లో వేలు నొక్కితే చివరికి బెర్తు ఇచ్చేది లోపలున్న ఆ రిజర్వేషన్ వ్యవస్థే.

నాలుగు ఇళ్లు మారిన అద్దెదారు

ఇప్పుడు ఆ వ్యవస్థ కింద ఉన్న ఓఎస్ వైపు చూద్దాం. వీఎంఎస్ పుట్టింది 1977-78లో, వ్యాక్స్ కంప్యూటర్‌తో పాటే. దాన్ని తీర్చిదిద్దిన వాళ్లలో ముఖ్యుడు డేవ్ కట్లర్. ఆయన 1988లో మైక్రోసాఫ్ట్‌కి వెళ్లి విండోస్ ఎన్‌టీ తయారుచేశారు. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ దాని వారసురాలే. ఇంకో సరదా... ఇంగ్లిష్ అక్షరాల వరసలో వీ తర్వాత డబ్ల్యూ, ఎం తర్వాత ఎన్, ఎస్ తర్వాత టీ. వీఎంఎస్‌లో ఒక్కో అక్షరాన్నీ ఒక మెట్టు జరిపితే డబ్ల్యూఎన్‌టీ, అంటే విండోస్ ఎన్‌టీ! కాకతాళీయమో, చిలిపితనమో అని ఇంజినీర్లు ఇప్పటికీ నవ్వుకుంటుంటారు.

వీఎంఎస్‌కి మంచి పేరొచ్చింది దాని ఓర్పు వల్ల. 1980ల్లోనే అది చాలా యంత్రాల్ని ఒక గుంపుగా కట్టి, ఒకటి పడిపోయినా పని ఆగకుండా చూసుకునేది. స్టాక్ ఎక్స్ఛేంజీలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు దాన్ని ఎంచుకున్నది అందుకే. ఫైలుని మార్చి సేవ్ చేస్తే పాతది చెరిపేయకుండా పక్కన కొత్త నంబరుతో ఇంకో కాపీ పెడుతుంది. ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే వెర్షన్ హిస్టరీ దానికి పుట్టుకతోనే ఉంది.

కానీ ఇళ్లు మాత్రం మారుతూనే వచ్చింది. వ్యాక్స్ పాతబడింది. 1992లో ఆల్ఫా ప్రాసెసర్ వచ్చింది. పేరు ఓపెన్‌వీఎంఎస్ అయి అక్కడికి మారింది. 1998లో డిజిటల్ కంపెనీని కంప్యాక్ కొనేసింది. 2002లో కంప్యాక్‌ని హెచ్‌పీ కొనేసింది. ఆల్ఫాకి సెలవు చెప్పి ఇంటెల్ వారి ఐటేనియం ప్రాసెసర్‌కి మారమన్నారు. 2005లో ఓపెన్‌వీఎంఎస్ అక్కడికీ వచ్చింది. 2009లో హెచ్‌పీ ఈ ఓఎస్ ఇంజినీరింగ్ పనిని మన దేశానికి తరలించింది.

ఈ ఐటేనియం కుటుంబంలో హెచ్‌పీ అమ్మిన ఇంటెగ్రిటీ సర్వర్లే మన టైటిల్‌లోని నాలుగు పోర్షన్ల ఇళ్లు. వాటిలో పెద్దన్న సూపర్‌డోమ్. దాని లోపల సెల్ బోర్డులనే పలకలుండేవి. ఒక్కో పలక మీదా ప్రాసెసర్లు, మెమరీ. వాటిని గుంపులుగా విడదీస్తే ఒకే బీరువా లాంటి పెట్టెలో ఒకవైపు హెచ్‌పీ యూనిక్స్, ఇంకోవైపు విండోస్ సర్వర్, మరోవైపు లైనక్స్, నాలుగో వైపు ఓపెన్‌వీఎంఎస్ ఏకకాలంలో నడపొచ్చు. ఇవి సాఫ్ట్‌వేర్ గీసిన గీతలు కావు, హార్డ్‌వేర్ గోడలు. ఒక పోర్షన్‌లో ఫ్యూజు పోతే పక్క పోర్షన్‌లో లైటు కూడా మినుక్కుమనదు. 2010లో వచ్చిన 8.4 వెర్షన్‌తో ఓపెన్‌వీఎంఎస్ హైపర్‌వైజర్ కింద అతిథిగా ఉండటం కూడా నేర్చుకుంది.

అంతా బాగుంది. ఇల్లే నిలబడలేదు. ఐటేనియం మార్కెట్‌లో గెలవలేదు. 2021 జులైతో ఇంటెల్ ఆ ప్రాసెసర్ల సరఫరా ఆపేసింది. 2024 జనవరిలో వచ్చిన 6.7 వెర్షన్‌తో లైనక్స్ కెర్నెల్ కూడా ఐటేనియంకి టాటా చెప్పేసింది.

మన రిజర్వేషన్ సంగతి? 2025లో రైల్వేశాఖ పార్లమెంటుకి చెప్పిన వివరాల ప్రకారం ఇప్పటి వ్యవస్థ 2010లో అమలైంది, ఐటేనియం సర్వర్ల మీద ఓపెన్‌వీఎంఎస్‌తో నడుస్తోంది. నిమిషానికి దాదాపు 25,000 టికెట్లు ఇవ్వగలదు. దాన్ని క్లౌడ్‌కి తగినట్టు పూర్తిగా కొత్తగా కట్టి, నిమిషానికి లక్షకు పైగా ఇచ్చేలా చేస్తామని చెప్పింది. ‘పాతది, పనికిరాదు’ అని పెదవి విరిచే ముందు ఒక్కసారి ఆలోచించండి. 1970ల్లో పుట్టిన ఓఎస్ వంశం మీద ఈ దేశపు రైలు ప్రయాణం దశాబ్దాలు సాగింది. పండగ రద్దీ, వేసవి సెలవులు, తత్కాల్ తొక్కిసలాట... అన్నీ అది చూసింది.

ఇల్లు పోయినా పోర్షన్ దొరికింది

రైల్వే అంత పెద్ద సంస్థ కాబట్టి కొత్తది కట్టుకునే పనిలో పడింది. కానీ ఇలాంటి పాత వ్యవస్థలున్న చిన్న ఫ్యాక్టరీ, ఓ మోస్తరు ఆసుపత్రి ఏం చేయాలి? వాళ్ల ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, పాత పెట్టెల్నే సెకండ్ హ్యాండ్ స్పేర్ పార్టులతో లాక్కురావడం. చౌకగానే కనిపిస్తుంది. ఒకరోజు అర్ధరాత్రి పవర్ సప్లై పోతుంది, ఆ పార్టు ఊళ్లో ఎక్కడా దొరకదు.

రెండోది, మొత్తం తిరగరాయడం. వినడానికి అందంగా ఉంటుంది. కానీ పాత కోడ్‌లో నియమాలుంటాయి, ఎవరూ ఎక్కడా రాసిపెట్టనివి. రైలు టికెట్‌నే తీసుకోండి. కోటాలు, ఆర్‌ఏసీ, వెయిటింగ్ లిస్టు, మధ్య స్టేషన్‌లో ఎక్కితే ఒక లెక్క, చార్టు తయారయ్యాక ఇంకో లెక్క. ఒక్క నియమం జారిపోయినా అర్ధరాత్రి ప్లాట్‌ఫామ్ మీద ఒకే బెర్తు కోసం రెండు కుటుంబాలు కొట్లాడుకుంటాయి. కాబట్టి రాయడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ పాతది ఆగకుండా నడవాల్సిందే.

మూడోది మన పోర్షన్ దారి. 2014లో అమెరికాలో వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ఓపెన్‌వీఎంఎస్ బాధ్యత తీసుకుంది. ఏళ్లు కష్టపడి దాన్ని మామూలు ఇంటెల్, ఏఎండీ తరహా ఎక్స్86 ప్రాసెసర్లకు తెచ్చింది. 2022 జులైలో 9.2 వెర్షన్ విడుదలైంది. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. దాన్ని ప్రధానంగా తయారుచేసిందే వర్చువల్ మెషీన్ల కోసం. వీఎంవేర్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ లాంటి హైపర్‌వైజర్ల కింద అతిథిగా ఉండటానికి. ఒకప్పుడు గదంతా తనదే అన్నట్టు బతికిన ఓఎస్, ఇప్పుడు లైనక్స్ పక్కన, విండోస్ పైన ఓ పోర్షన్‌లో హాయిగా సర్దుకుంది.

ముందు చెప్పిన తేడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఐటేనియం కోసం కంపైల్ చేసిన పాత ప్రోగ్రామ్‌ని నేరుగా తెచ్చి ఈ పోర్షన్‌లో పెడితే నడవదు. ప్రాసెసర్ భాష వేరు కదా. సోర్స్ కోడ్ ఉంటే కొత్తగా కంపైల్ చేసుకోవాలి. సోర్స్ కోడే పోయిందా? ఎమ్యులేటర్ లాంటి దుబాసీ దొరుకుతుందేమో వెతుక్కోవాలి. సోర్స్ కోడ్‌ని జాగ్రత్తగా దాచుకున్నవాళ్లకి ఇల్లు మారడం సులువు. దాచుకోనివాళ్లకి పరాధీనం.

ఓనరుతో వచ్చే చిక్కులు

పోర్షన్లలో ఉండేవాళ్లకి తెలుసు, అన్నీ లాభాలే ఉండవని. సర్వర్‌లోనూ అంతే.

మొదటిది, ఇల్లు కూలితే అందరూ రోడ్డు మీదే. ఒక పెట్టెలో పది ఓఎస్‌లు పెట్టి ‘చూడండి ఎంత పొదుపో’ అంటే సరిపోదు. ఇంకో పెట్టె సిద్ధంగా ఉండాలి. మొదటిది పడగానే పోర్షన్లన్నీ అక్కడ లేచి నిలబడాలి.

రెండోది, దొంగ ఓనరు ఇంట్లోనే పడితే? 2023 ఫిబ్రవరిలో అదే జరిగింది. ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచంలో వేల సర్వర్లలో హైపర్‌వైజర్ మీదే దాడి చేసింది. ఒక్కో పోర్షన్ తాళం విడిగా పగలగొట్టే పనే లేకుండా, వర్చువల్ మెషీన్ల ఫైళ్లనే తాళం వేసేసింది. విషాదమేంటంటే ఆ లోపానికి మందు రెండేళ్ల ముందే, 2021లోనే వచ్చింది. వేసుకోనివాళ్లు మునిగారు. 2015లో బయటపడిన ‘వెనమ్’ లోపం ఇంకో విచిత్రం. ఎవరూ వాడని ఫ్లాపీ డిస్క్‌ని నటించే కోడ్‌లో రంధ్రం దొరికింది. అద్దెకున్నవాడు ఆ కన్నంలోంచి ఓనరు ఇంట్లోకి దూరే అవకాశం ఉందని తేలింది. అక్కర్లేని కిటికీ అయినా గొళ్లెం పెట్టాల్సిందే.

మూడోది, అద్దె పెంపు. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది. ఆ డిసెంబరులోనే ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసి, చందా పద్ధతికి మారింది. ప్రపంచమంతా కంపెనీలు వేరే ఓనర్ల కోసం వెతుకులాట మొదలుపెట్టాయి. కేవీఎం మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ లాంటి ఉచిత వ్యవస్థల పేర్లు మీటింగుల్లో వినిపించడం మొదలైంది ఈ దెబ్బతోనే.

నాలుగోది అతి ముఖ్యం. యంత్రాన్ని పోర్షన్‌లోకి మార్చగలం. తెలివిని మార్చలేం. కాన్సర్ట్ లాంటి వ్యవస్థల్ని సీ, ఫోర్ట్రాన్ భాషల్లో రాసిన తరం రిటైరవుతోంది. పాత ఓఎస్ కొత్త సర్వర్‌లో చక్కగా లేచి కూర్చుంటుంది. కానీ అది ఎర్రర్ చూపిస్తే చదివి అర్థం చేసుకునేవాళ్లు ఏరి?

మన తరానికి ఇందులో ఏముంది?

‘లెగసీ ప్రాజెక్టులో వేశారన్నా, కెరీర్ అయిపోయింది’ అని మా ఫ్రెషర్లు దిగులుపడుతుంటే వింటుంటాను. నాకు అలా అనిపించదు. అమీర్‌పేటలో ఏ బోర్డు చూసినా ఏఐ, ఫుల్‌స్టాక్. అందరూ నడిచే దారి కాబట్టి అక్కడ రద్దీ. ఇటువైపేమో దారి ఖాళీ. ఒక పాత వ్యవస్థని అర్థం చేసుకుని, దాన్ని కదల్చకుండా కొత్త సర్వర్‌లోకి దించి, పక్కనే కొత్త వ్యవస్థని కట్టి, రెండింటి లెక్కా సరిపోయిందని చూపించగలిగే ఇంజినీరు అరుదు. అలాంటివాళ్ల చేతిలోనే టికెట్లూ, జీతాలూ, రక్తపరీక్ష రిపోర్టులూ ఆగకుండా నడుస్తుంటాయి.

పాత ప్రోగ్రామ్ రాసిన పెద్దాయనో, పెద్దావిడో మీ ఆఫీసులో ఇంకా ఉంటే, వాళ్లు రిటైరయ్యేలోపు రోజుకో అరగంట పక్కన కూర్చోండి. ‘సార్, ఈ నియమం ఎందుకు పెట్టారు?’ అని అడిగి రాసుకోండి. ఏ హైపర్‌వైజరూ బ్యాకప్ తీయలేని డేటా అదొక్కటే.

ఇంట్లోనే మొదలుపెట్టండి

* 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. 16 ఉంటే హాయి. ర్యామ్ పెంచుకోవాలన్నా, వాడిన పీసీ కొనుక్కోవాలన్నా ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో సీటీసీ ఉండనే ఉంది. బేరమాడటం మర్చిపోకండి.

* ముందు బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది.

* వర్చువల్‌బాక్స్ ఉచితం. అందులో ఒక లైనక్స్ పెట్టండి. అలవాటయ్యాక విడిగా ఓ పాత పీసీ మీద ప్రాక్స్‌మాక్స్ వేసి, రెండు మూడు ఓఎస్‌లు ఒకేసారి నడపండి.

* మొత్తం ర్యామ్‌ని అతిథులకే పంచేయకండి. ఓనరు తినడానికీ కొంచెం మిగలాలి.

* స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ కాదు. అదే డిస్కులో ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. కాపీ వేరే చోట పెట్టండి.

* విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్2 వాడుతున్నారా? అయితే మీరు ఇప్పటికే ఓ వర్చువల్ మెషీన్ నడుపుతున్నట్టే. కొన్ని పిక్సెల్ ఫోన్లలోనైతే 2025 నుంచి లైనక్స్ టెర్మినల్ కూడా ఇలాగే ఓ పోర్షన్‌లో నడుస్తోంది.

* కుతూహలం ఉంటే ఓపెన్‌వీఎంఎస్ కమ్యూనిటీ లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోండి. నేర్చుకునేవాళ్ల కోసం ఇస్తారు. లాగిన్ అయ్యాక డాలర్ గుర్తు కనిపిస్తుంది. ‘షో సిస్టమ్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. లోపల ఏమేం నడుస్తున్నాయో వరసగా చెబుతుంది.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్లడానికి టికెట్ బుక్ అయ్యి, ఫోన్‌కి పీఎన్ఆర్ మెసేజ్ వచ్చినప్పుడు ఒక్క క్షణం గుర్తుచేసుకోండి. ఆ పదంకెల నంబరు వెనక నలభై ఏళ్ల వంశం ఉంది. కొత్త వ్యవస్థ ఎంత వేగంగా వచ్చినా, పాతది నేర్పిన లెక్కల మీదే అది నిలబడాలి. ఆ లెక్కలు చదవగలిగేవాళ్లు మనలోంచే రావాలి.